ఒక్క గుడ్డు, ఇరవై నిమిషాలు

ఈసారి వచ్చిన వాటిలో నాలుగు ప్రశ్నలు బరువు తగ్గే సర్జరీ చేయించుకున్నవాళ్ళవే, అందుకని ఈ వారం కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. మొదటిది కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి, మిగతా వాటికి సగం జవాబు అందులోనే ఉంది.

ప్రశ్న: మేడమ్ నమస్తే. నాకు స్లీవ్ సర్జరీ అయ్యి ఏడు వారాలు. ముందు లిక్విడ్స్, తర్వాత ప్యూరీ, తర్వాత మెత్తటివి, అన్నీ చెప్పినట్టే తిన్నా. పోయిన వారం డాక్టర్‌గారు ఇక గట్టి తిండి మొదలుపెట్టొచ్చన్నారు. సంబరంగా ఇంట్లో అందరితో పాటు కూర్చుని చికెన్ తిన్నా, రెండో ముక్కకే గుండెల మీద రాయి పెట్టినట్టయింది, నోటి నిండా జిగురుగా నీళ్ళూరి చివరికి అంతా బయటికొచ్చేసింది. అప్పట్నుంచి భయమేసి మళ్ళీ సూప్‌లకే వెళ్ళిపోయా. ఏం తినాలి, ఎంత తినాలి, రోజుకి మెనూ లాంటిది చెప్పండి ప్లీజ్.

జవాబు: ముందు భయం వదిలెయ్యమ్మా, ఇది దాదాపు అందరికీ ఒక్కసారైనా జరిగేదే. మా అక్కకీ ఇదే ఆపరేషన్ అయింది, నేను డైటీషియన్ని అయ్యుండి కూడా మొదటి రోజు తనకి నేను పెట్టిందేంటో తెలుసా, ముందు రోజు వండిన చికెన్ బ్రెస్ట్ మైక్రోవేవ్‌లో వేడి చేసి! కొవ్వు లేదు, ప్రోటీన్ ఎక్కువ, పుస్తకం ప్రకారం అంతా కరెక్టే. కానీ మళ్ళీ వేడి చేసిన చికెన్ పీచు పీచుగా తాడులా అయిపోతుంది, నమిలినా నలగదు. అక్క కూడా మీలాగే బాత్రూమ్‌కి పరిగెత్తింది, పది నిమిషాలు బయటికి రాలేదు, నాకు తల తీసేసినట్టయింది.

స్లీవ్‌లో పొట్టని ముప్పావు వంతు పైనే తీసేస్తారు కదా, మిగిలింది సన్నటి గొట్టం లాంటిది. అందులోంచి పొడిగా ఉన్నది, ఉండ కట్టేది, పీచు ఉన్నది సరిగ్గా దిగదు. కాబట్టి ఈ దశలో ఏ వంటకం అన్నదానికన్నా అది ఎంత తడిగా ఉంది, ఎంత చిన్నగా ఉంది, మీరు ఎంత నెమ్మదిగా తింటున్నారు అన్నదే లెక్క. అదే చికెన్‌ని కీమా కొట్టి, గ్రేవీ ఎక్కువ పెట్టి, చిన్న మంట మీద ఉడికిస్తే చాలామందికి ఏ గొడవా లేకుండా దిగుతుంది. బ్రెస్ట్ కన్నా తొడ మాంసం మెత్తగా ఉంటుంది, అది వాడండి. చేప ఇంకా సులువు, ఆవిరి మీద ఉడికించి ఫోర్క్‌తో విడదీస్తే రేకులు రేకులుగా ఊడొచ్చేస్తుంది, ముళ్ళు మాత్రం రెండుసార్లు చూసుకోండి.

మెనూ అడిగారు కాబట్టి ఒక రోజు ఇలా పెట్టుకోవచ్చు. పొద్దున ఒక గుడ్డు, పొడిగా వేపకుండా రెండు చెంచాల పాలు పోసి తడితడిగా స్క్రాంబుల్ చేసింది. మధ్యలో చక్కెర లేని ప్రోటీన్ షేక్. మధ్యాహ్నం యాభై అరవై గ్రాముల ఉడికించిన చేప, పక్కన బాగా ఉడికి వేలితో నొక్కితే నలిగిపోయే క్యారెట్ రెండు మూడు చెంచాలు. సాయంత్రం నీళ్ళు వడగట్టిన గట్టి పెరుగు చిన్న గిన్నెడు. రాత్రి కీమా గ్రేవీ అంతే యాభై గ్రాములు. లెక్కేస్తే గుడ్డుకి ఆరు గ్రాములు, షేక్‌కి ఇరవై, చేపకి పన్నెండు పైన, పెరుగుకి ఎనిమిది తొమ్మిది, కీమాకి పన్నెండు పైన, అటూ ఇటూగా అరవై గ్రాముల ప్రోటీన్ దాటుతుంది. సాధారణంగా రోజుకి 60 నుంచి 80 గ్రాములు అంటారు, మీ డాక్టర్ వేరే అంకె చెప్పుంటే అదే పట్టుకోండి. ప్రతి పూటా ముందు ప్రోటీన్, తర్వాత కూరగాయ, ఇంకా చోటుంటేనే అన్నమో బ్రెడ్డో.

ఎంత తినాలంటే పూటకి పావు కప్పు నుంచి అరకప్పు, మీ ఏడు వారాలకి అదే ఎక్కువ. కానీ కప్పు కన్నా ఒంటి మాట వినడం ముఖ్యం. అక్క విషయంలో మేం కనిపెట్టింది చెప్తా. ఒక్క గుడ్డు, టీ స్పూన్, పక్కన ఫోన్‌లో ఇరవై నిమిషాల టైమర్. స్పూన్ నోట్లో పెట్టుకోవడం, స్పూన్ కింద పెట్టెయ్యడం, పాతిక సార్లు నమలడం, మింగాక కాసేపు ఊరుకోవడం. సరిగ్గా తొమ్మిదో స్పూన్‌కి తనకి ముక్కు కారడం మొదలయ్యేది! కొందరికి ఎక్కిళ్ళు వస్తాయి, కొందరికి తుమ్ములు, కొందరికి రొమ్ము ఎముక కింద బరువు. అదే ఆగమని సిగ్నల్. ప్లేట్‌లో ఒక్క స్పూనే మిగిలింది పారెయ్యడం ఎందుకని ఆ ఒక్కటీ తింటేనే కొంప మునిగేది. నేనైతే ఆ చివరి స్పూన్ నేనే తినేసేదాన్ని, నా బరువు సంగతి ఇప్పుడెందుకులెండి.

కొత్త పదార్థం రోజుకి ఒకటే, అదీ ఇంట్లో ఉన్నప్పుడు. పడలేదంటే జన్మలో పడదని కాదు, ఒకటి రెండు వారాలాగి మళ్ళీ చూడండి. వాంతి అయిన రోజు మాత్రం మొండికెయ్యకుండా లిక్విడ్స్‌కి వెళ్ళి, మర్నాడు మెత్తటివాటితో మొదలుపెట్టండి. సూప్‌ల మీదే వారాల తరబడి ఉండిపోవద్దు, ప్రోటీన్ చాలదు, పైగా గంటకే మళ్ళీ ఆకలేస్తుంది.

ఒకటి మాత్రం సీరియస్‌గా చెప్తున్నా. నీళ్ళు కూడా నిలవకుండా వాంతులవుతుంటే, జ్వరం, గుండె దడ, కడుపులో తీవ్రమైన నొప్పి ఉంటే మెనూలు వెతుక్కుంటూ కూర్చోకుండా వెంటనే సర్జన్‌కి ఫోన్ చెయ్యండి. వాంతులు రోజుల తరబడి సాగితే బి1 విటమిన్ పడిపోయి నరాల మీదా మెదడు మీదా దెబ్బ పడుతుంది, అది నిజంగా ప్రమాదం.

ప్రశ్న: నాకు గ్యాస్ట్రిక్ బైపాస్ (గుండెది కాదండీ, పొట్టని చిన్నది చేసి పేగుకి కలిపే బరువు తగ్గే సర్జరీ) అయ్యి మూడు నెలలు. నేను మాంసం, చేపలు తినను, గుడ్డు కూడా తినను. పప్పు ఒక్కటే తింటే సరిపోతుందా? ఇంకోటి, మొన్న స్వీట్ తిన్నాక చెమటలు పట్టి, గుండె కొట్టుకుని, విరేచనాలయ్యాయి, ఎందుకండీ?

జవాబు: ఒక్క పప్పుతో సరిపోదండి. ఉడికిన పప్పు వంద గ్రాములకి ప్రోటీన్ తొమ్మిది గ్రాములే, మీ పొట్టలో అంత పప్పు పట్టాక ఇంకేం పట్టదు. పప్పు ఉంచుకోండి కానీ దాని పక్కన టోఫు, కాటేజ్ చీజ్, గట్టి పెరుగు తిప్పితిప్పి రావాలి. టోఫుని ముక్కలుగా వేపితే రబ్బరులా అవుతుంది, చేత్తో నలిపి టమాటా గ్రేవీలో వేసుకోండి, కూరలానే ఉంటుంది. సోయా గ్రాన్యూల్స్ బాగా నానబెట్టి ఉడికిస్తే కీమాలా వస్తాయి, కాకపోతే కొందరికి గ్యాస్ చేస్తాయి కాబట్టి రెండు చెంచాలతో మొదలుపెట్టండి. వీటన్నిటితో కూడా లెక్క రాకపోతే ప్రోటీన్ పౌడర్‌ని పాలల్లోనో పప్పులోనో కలుపుకోండి, సిగ్గుపడాల్సిందేం లేదు. పాలు తాగాక కడుపుబ్బరం వస్తుంటే లాక్టోజ్ లేనివి చూడండి, బైపాస్ తర్వాత కొందరికి అలా మొదలవుతుంది.

స్వీట్ సంగతికొస్తే మీరు చెప్పిన లక్షణాలు డంపింగ్‌లాగే ఉన్నాయి. చక్కెర ఒక్కసారిగా పేగులోకి దిగిపోతే ఒంట్లో నీళ్ళు అటు లాక్కుంటుంది, అందుకే తిన్న అరగంటలోపే చెమటలు, దడ, విరేచనాలు. ఒక్కోసారి గంట నుంచి మూడు గంటల తర్వాత ఇంకో రకం వస్తుంది, షుగర్ ధమాల్న పడిపోయి కళ్ళు తిరుగుతాయి. పళ్ళ రసాలు కూడా స్వీట్ కిందే లెక్క. తర్వాతి చెకప్‌లో ఈ విషయం డాక్టర్‌గారికి చెప్పండి. మీలాగా మాంసం తిననివాళ్ళకి ఐరన్, బి12 తొందరగా పడిపోతాయి, మాత్రలు జీవితాంతం మానకూడదు. ఐరన్, కాల్షియం కలిపి ఒకేసారి వేసుకోకండి, మధ్యలో రెండు గంటలుండాలి.

ప్రశ్న: విచిత్రం చెప్పనా, చికెన్ రెండు ముక్కలు దిగవు కానీ చిప్స్ ప్యాకెట్ మొత్తం దిగిపోతోంది! అంటే నా పొట్టకి చిప్సే పడుతున్నట్టా?

జవాబు: హహ, అలా అనుకుందామనే ఉంటుంది మనకి! చిప్స్, బిస్కెట్లు, ఐస్‌క్రీమ్ నోట్లోనే కరిగి పిండి నీళ్ళయిపోతాయి, గొట్టంలో ఆగకుండా జారిపోతాయి, నిండినట్టే తెలీదు. చికెన్ ఆగుతుంది, ఆగుతుంది కాబట్టే రెండు గంటలు ఆకలెయ్యదు. ఆ ఆగడం కోసమే కదండీ అంత ఆపరేషన్ చేయించుకుంది. సులువుగా దిగేవాటితో కడుపు నింపేస్తే, తగ్గిన బరువు నెమ్మదిగా తిరిగొచ్చేది ఎక్కువగా ఈ దారిలోనే. కరకరలాడేది కావాలనిపిస్తే, సర్జరీ అయ్యి చాలా నెలలైతే, పల్చగా కోసిన కీరా ముక్కలు బాగా నములుతూ చూడండి. ప్యాకెట్ మాత్రం ఇంటికి తేవద్దు, ఎదురుగా ఉంటే నేనూ ఆగలేను.

ప్రశ్న: తినేటప్పుడు నీళ్ళు తాగొద్దంటారు, గొంతు పట్టేస్తోంది మేడమ్, రెండు గుక్కలు తాగితే ఏమవుతుంది? సోడా తాగొచ్చా?

జవాబు: గొంతు పట్టేస్తోందంటే మీ తిండి పొడిగా ఉందని అర్థం, గ్రేవీ పెంచండి, నీళ్ళు కాదు. తిండితో పాటు నీళ్ళు తాగితే ఉన్న కాస్త చోటూ నీళ్ళకే పోతుంది, తిన్నది తొందరగా కిందికి జారిపోతుంది. తిన్నాక అరగంట ఆగి, అప్పట్నుంచి గుక్క గుక్కగా రోజు మొత్తంలో లీటరున్నర తగ్గకుండా తాగండి. సీసా పక్కనే పెట్టుకుని పది నిమిషాలకో గుక్క అనుకుంటే సాయంత్రానికి అదే అయిపోతుంది. సోడా వద్దండి, ఆ గ్యాస్ పోవడానికి అంత చిన్న పొట్టలో చోటెక్కడుంది.