బస్సులో పాప ఆకలంటే అక్కడే పాలివ్వు తల్లీ

సిరీ,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పింది విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. పెళ్ళిలో పాపకు పాలిద్దామని ఓ మూల కూర్చుంటే ఎవరో పెద్దావిడ వచ్చి "లోపలికెళ్ళమ్మా, మగవాళ్ళు తిరుగుతున్నారు" అందని, ఫ్యాన్ కూడా లేని సామాన్ల గదిలో గంటసేపు ఉన్నావట. దానికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది, అప్పటి నుంచి బయటికెళ్తే డబ్బాపాల సీసా పట్టుకెళ్తున్నానన్నావు చూడు, ఆ మాట. వచ్చే వారం హైదరాబాద్ నుంచి విజయవాడకు బస్సులో వస్తున్నావు కదా, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ముప్పై ఏళ్ళు నర్సుగా చేసినదాన్ని, నా మాట విను. పాలు బిడ్డ తాగేకొద్దీ ఊరతాయి. బయటికెళ్ళిన ప్రతిసారీ సీసా పట్టావంటే మెల్లమెల్లగా తగ్గిపోతాయి. ఇంకోపక్క, ఇవ్వాల్సిన వేళకి ఇవ్వకపోతే పాలు చేపుకొచ్చి రొమ్ము రాయిలా అవుతుంది, గడ్డలు కట్టి చలిజ్వరంతో వచ్చిన పచ్చి బాలింతలను ఎంతమందిని చూశానో. ఆ తర్వాత ఇంటిల్లిపాదీ "దానికి పాలు చాలవు" అనేస్తారు. చాలక కాదు, ఇవ్వాల్సినప్పుడు ఇవ్వనివ్వక.

ఇక బస్సు సంగతి. కిటికీ పక్క సీటు తీసుకో, అల్లుడిని ఇటువైపు కూర్చోమను, అడ్డం దానంతట అదే వస్తుంది. లోపల బనియన్, పైన వదులు టాప్ వేసుకుంటే, టాప్ పైకి, బనియన్ కిందికి, అంతే, పొట్ట కూడా కనబడదు. కావాలంటే పల్చటి నూలు చున్నీ భుజం మీద వేసుకో, కానీ పాప ముఖం మొత్తం మూసెయ్యకు, ఈ ఎండల్లో దానికి ఊపిరాడదు. ఈ వారం రోజులూ ఇంట్లో అద్దం ముందు కూర్చుని ఇచ్చి చూడు. నువ్వు భయపడుతున్నంతగా ఏమీ కనబడదని నీకే తెలుస్తుంది, సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ముఖ్యంగా పాప ఏడ్చేదాకా ఆగకు. గుప్పిట నోట్లో పెట్టుకోవడం, తల అటూ ఇటూ తిప్పి వెతుక్కోవడం మొదలెడితే అది ఆకలే. గుక్కపెట్టి ఏడ్చే బిడ్డ రొమ్ము సరిగా పట్టదు, బస్సంతా నీవైపే చూస్తుంది, నీకు చేతులాడవు. నీకు మాత్రం నీళ్ళ సీసా దగ్గర పెట్టుకో. పాపకు ఆరు నెలలు నిండేదాకా ఎంత ఎండైనా చుక్క నీళ్ళు వద్దు, నీ పాలలోనే కావాల్సినంత నీరుంది.

బస్టాండ్‌లో పాలిచ్చే గది ఉంటే, శుభ్రంగా ఉంటే, వాడుకో. ఒకసారి నేను మా కోడలితో వెళ్ళినప్పుడు ఆ గదికి తాళం వేసి ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు టాయిలెట్‌లోకి మాత్రం వెళ్ళకు, బెంచీ మీదే ఇవ్వు.

ఎవరైనా గుచ్చిగుచ్చి చూస్తే నువ్వూ సూటిగా ఒకసారి చూడు, చాలామంది తల తిప్పేసుకుంటారు. ఫోన్‌తో తీస్తున్నట్టు అనిపిస్తే మొహమాటపడకుండా గట్టిగా కండక్టర్‌ని పిలువు, వినకపోతే 112కి ఫోన్ చెయ్యి. 2025లో సుప్రీంకోర్టు కూడా నలుగురిలో తల్లులు పాలివ్వడాన్ని తప్పుగా చూడకూడదని, బయటి చోట్ల వాళ్ళకు గదులు ఉండేలా చూడమని చెప్పింది. అది సరే, మా అమ్మ వాళ్ళు నాట్లేస్తూ మధ్యలో గట్టెక్కి, చెట్టు కింద కూర్చుని కొంగు చాటున పాలిచ్చి మళ్ళీ మడిలోకి దిగేవాళ్ళు. పక్కన నాగలి పట్టిన మగవాళ్ళు ఒక్కమాట అనేవాళ్ళు కాదు. నిన్ను లోపలికి పంపిన ఆ పెద్దావిడా అలా పెరిగినదే అయ్యుంటుంది, ఎప్పుడు మర్చిపోయిందో.

దిష్టి తగులుతుందని మీ అత్తగారు అంటే ఇంటికొచ్చాక తీయమను, ఆవిడ మనసూ కుదుటపడుతుంది. సీసా సంగతి, నీళ్ళ సంగతి ఆవిడతో నేను మాట్లాడతాను, నువ్వు మధ్యలో నలగొద్దు.

సూర్యాపేటలో బస్సు ఆగగానే ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ