టెక్ సందేహాలు: ట్రాలీ ఇంటికి ఎంత జనరేటర్ కావాలి?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా జనరేటర్ల మీదే. రామగుండంలో, చెల్పూరులో కరెంటు పుట్టించి ఊళ్లకు పంపే జిల్లాలవాళ్లం జనరేటర్ కోసం వెతుక్కోవడం వింతే. కానీ లక్నవరం దగ్గరో, తాడ్వాయి అడవి అంచునో రాత్రికి బండి ఆపితే ప్లగ్గు ఎక్కడ పెడతాం?

హన్మకొండ నుంచి: రిటైర్డ్ టీచర్‌ని. బొలెరోకు తగిలించుకునేలా పద్నాలుగు అడుగుల ట్రాలీ ఇల్లు చేయించుకున్నాం. ఒక టన్ను ఏసీ, చిన్న ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, టీవీ, ఇండక్షన్ స్టవ్ పెట్టించాం. షాపులో 5 కేవీఏ డీజిల్ జనరేటర్ తీసుకోమంటున్నారు. డాలస్‌లో ఉన్న మా అల్లుడు, అక్కడ ట్రైలర్లవాళ్లంతా వాడే 2200 వాట్లది తెస్తానంటున్నాడు. ఏది తీసుకోవాలి?

రెండూ వద్దు సార్. ముందు అల్లుడుగారికి ఫోన్ చేసి ఆపండి. ఆయన చెప్పేది బహుశా హోండా ఈయూ2200ఐ లాంటిదే. బంగారం లాంటి మిషన్, సందేహం లేదు. కానీ అది ఇచ్చేది 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్ (కరెంటు సెకనుకు ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ లెక్క). మన ఏసీకి, ఫ్రిజ్‌కు కావాల్సింది 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజీ పెంచుకోవచ్చు గానీ హెర్ట్‌జ్ మారదు. పైగా 2200 అన్నది మోటార్ స్టార్టయ్యే క్షణంలో ఇచ్చే తాకత్తు. గంటల తరబడి ఇచ్చేది 1800 వాట్లే. ఏ కంపెనీ డబ్బా అయినా ఇంతే, పెద్ద అక్షరాల్లో ఉండేది పెద్ద అంకె. మనం చూడాల్సింది రేటెడ్ అని చిన్నగా రాసిన అంకెను.

ఇక షాపువాళ్ల 5 కేవీఏ డీజిల్. ప్లేటు మీద 0.8 పవర్ ఫ్యాక్టర్ (కేవీఏలో నిజంగా వాట్లుగా అందే భాగం) అని ఉంటే అది 4 కిలోవాట్లు. మీ ట్రాలీ రాత్రిపూట లాగేది అందులో పావు వంతు. డీజిల్ ఇంజన్‌ను అంత తక్కువ లోడు మీద గంటలకొద్దీ నడిపితే డీజిల్ పూర్తిగా మండదు, మసి పేరుకుంటుంది, సైలెన్సర్‌లోంచి నల్లటి జిడ్డు కారుతుంది. బరువు కూడా తక్కువేమీ కాదు, ఇద్దరు మనుషులు ఎత్తలేరు. రైస్‌మిల్లుకో ఫంక్షన్‌హాల్‌కో బాగుంటుంది, మీ ట్రాలీకి కాదు.

మరి ఎంత కావాలి? వస్తువుల వెనక అంటించిన వాట్లన్నీ కూడితే లెక్క ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. మీ ఇంట్లో అలాంటి ఏసీయే ఉంటే ఒక పని చేయండి. మిగతావన్నీ ఆపి ఏసీ ఒక్కటే నడపండి. పావుగంట అయ్యాక కరెంటు మీటరు దగ్గరికి వెళ్లండి. ఎర్ర లైటు ఒకటి మిణుకుమంటూ ఉంటుంది. దాని పక్కనే యూనిట్‌కు ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది, చాలా మీటర్లలో అది 3200. గడియారం చూసుకుంటూ నిమిషంలో ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టండి. 48 సార్లు అనుకోండి. గంటకు 2880. దాన్ని 3200తో భాగిస్తే 0.9, అంటే 900 వాట్లు. ఒక టన్ను ఏసీ దాదాపు అక్కడే తిరుగుతుంది. దానికి బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే) ఫ్యాన్లు రెండింటికి 60, టీవీకి 50, ఫ్రిజ్‌కు 100 వాట్లు, లైట్లు, ఫోన్ ఛార్జర్లు కలపండి. మొత్తం 1200 దాటదు.

ఇండక్షన్ స్టవ్‌ను నేను కావాలనే కలపలేదు. అదొక్కటే 1500 నుంచి 2000 వాట్లు లాగుతుంది. టీ కాచుకోవడం కోసం జనరేటర్ సైజు రెట్టింపు చేసుకుంటారా? ఐదు కిలోల గ్యాస్ సిలిండర్ పెట్టుకోండి. గీజర్ ఊసే ఎత్తకండి.

అసలు చిక్కు కంప్రెసర్ స్టార్టయ్యేటప్పుడు ఉంటుంది. మామూలు ఏసీ ఆన్ అయిన క్షణంలో నడిచేదానికి మూడు నాలుగు రెట్ల కరెంటు గుంజుతుంది. ఇంట్లో లైట్లు ఒక్కసారి డిమ్ముగా అవుతాయే, అదే. చిన్న జనరేటర్ ఆ దెబ్బకు గురగురలాడి ట్రిప్ అవుతుంది. ఇన్వర్టర్ ఏసీకి ఆ గుంజుడు లేదు, మెల్లగా వేగం అందుకుంటుంది. మీరు పెట్టించింది ఏ రకమో రాయలేదు. మామూలుదైతే దాన్ని మార్చడమే పెద్ద జనరేటర్ కొనడం కన్నా చవక.

ఇన్వర్టర్ ఏసీ అనే లెక్కతో చెబుతున్నాను, రేటెడ్ 2.5 నుంచి 3 కేవీఏ ఉన్న పెట్రోల్ ఇన్వర్టర్ జనరేటర్ తీసుకోండి. రెండు కేవీఏతో నడవదా అంటే నడుస్తుంది. కానీ మే నెలలో మన దగ్గర 43, 44 డిగ్రీల ఎండలో ఇంజన్ తాకత్తు తగ్గుతుంది, ఏసీ లాగుడు పెరుగుతుంది. ముప్పావు వంతుకు మించి లోడు పెట్టకుండా ఉంటేనే మిషన్ నాలుగు కాలాలు ఉంటుంది. మామూలు జనరేటర్ 50 హెర్ట్‌జ్ నిలబెట్టడానికి లోడు ఉన్నా లేకున్నా నిమిషానికి 3000 చుట్లు తిరుగుతూనే ఉంటుంది. ఇన్వర్టర్ రకం లోడును బట్టి తగ్గుతుంది, మోత కూడా తగ్గుతుంది. రాత్రి పది దాటాక పక్క టెంటువాళ్లు వచ్చి తలుపు కొట్టకుండా ఉండాలంటే ఇదే దారి.

ఖర్చు కూడా చెప్పాలి. రాత్రంతా ఏసీ నడిస్తే నాలుగైదు లీటర్ల పెట్రోలు పోతుంది. లీటరు వంద దాటిన రోజుల్లో రాత్రికి నాలుగైదు వందల పైమాటే. ఏసీ వద్దు, ఫ్యాన్లు చాలు అనుకుంటే నిజానికి మీకు జనరేటరే అక్కర్లేదు. 12.8 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 1280 వాట్ అవర్స్ ఉంటాయి. రెండు ఫ్యాన్లు, లైట్లు, ఫోన్లు తెల్లార్లూ నడిచినా సగం మిగులుతుంది. పైన 330 వాట్ల సోలార్ ప్యానల్ బిగిస్తే మంచి ఎండలో మర్నాడు సాయంత్రానికి మళ్లీ నిండుతుంది. చలికాలంలోనే తిరిగేవాళ్లయితే నా ఓటు దీనికే.

ఏది కొన్నా పొగ సంగతి మరవకండి. ఓ మేడారం జాతరలో మేం టార్పాలిన్ గుడిసె వేసుకుని పడుకున్నాం. పక్క దుకాణం జనరేటర్ మా వైపే పొగ వదులుతోంది. మోత అలవాటైపోయి ఎవరం పట్టించుకోలేదు. తెల్లవారుజామున మా పిన్నికి తలనొప్పి, వాంతులు. నిద్ర లేక అన్నారొకరు, జనంలో దిష్టి తగిలిందన్నారు ఇంకొకరు. పెట్రోలు అయిపోయి జనరేటర్ ఆగింది, టార్పాలిన్ ఎత్తి గాలి ఆడనిచ్చాం, గంటలో లేచి కూర్చుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అందుకే జనరేటర్‌ను ట్రాలీకి కనీసం ఇరవై అడుగుల దూరంలో, పొగ గొట్టం అటు తిప్పి, గాలి వాలు చూసి పెట్టండి. ట్రాలీ లోపల, కింద, వెనక డబ్బాలో మూసిపెట్టి నడపొద్దు. లోపల ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం తగిలించండి.

మంచిర్యాల నుంచి: కొత్త జనరేటర్ ఇంటి దగ్గర బాగానే నడిచింది. కుంతాల వెళ్లినప్పుడు మాత్రం పది నిమిషాలకోసారి ఆగిపోయింది. పెట్రోలు ఫుల్లుగానే ఉంది.

ఏటవాలు నేల మీద పెట్టి ఉంటారు. ఇంజన్ ఆయిల్ తగ్గితే దానంతట అదే ఆగిపోయే సెన్సర్ ఒకటి ఉంటుంది. మిషన్ వంగితే ఆయిల్ ఒక పక్కకు చేరుతుంది, సెన్సర్ ఆయిల్ లేదనుకుంటుంది. కింద రాళ్లో చెక్కో పెట్టి సమం చేయండి. ఆ పనిలోనే ఆయిల్ కూడా ఒకసారి చూడండి. కొత్త మిషన్‌కు మొదటి 20 గంటలకే ఆయిల్ మార్చాలి, తర్వాత ప్రతి 100 గంటలకు.

భూపాలపల్లి నుంచి: జనరేటర్ సాకెట్‌లో టెస్టర్ పెడితే రెండు రంధ్రాల్లోనూ సన్నగా వెలుగుతోంది. పీస్ చెడిపోయిందా? వాపసు ఇవ్వాలా?

ఇవ్వకండి. ఇంటి కరెంటులో న్యూట్రల్‌ను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమిలోకి ఎర్త్ చేస్తారు, అందుకే టెస్టర్ ఒక్క ఫేజ్ వైపే వెలుగుతుంది. చిన్న జనరేటర్లలో చాలావాటికి రెండు వైర్లలో ఏదీ ఎర్త్‌కు కలిసి ఉండదు, అందుకని రెండు వైపులా వెలుగుతుంది. కాకపోతే ఇలాంటప్పుడు ట్రాలీలో బిగించిన ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) మీరనుకున్నట్టు ట్రిప్ కాకపోవచ్చు. న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలపొచ్చా లేదా అన్నది మిషన్‌ను బట్టి ఉంటుంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగాకే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

రెండు చివర్లా పిన్నులున్న వైరు చేసుకుని జనరేటర్‌ను ఇంటి సాకెట్‌కు కలుపుతున్నామని మీరే కింద రాశారు. అది ఈ రోజే తీసేయండి. మెయిన్ ఆఫ్ చేయడం ఒక్కసారి మరిచిపోతే మీ 230 వోల్టులు వెనక్కి వెళ్లి, ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌లో తిరగబడి 11,000 వోల్టులై లైన్ మీదికి ఎక్కుతాయి. కరెంటు లేదనే నమ్మకంతో లైన్‌మన్ స్తంభం మీద ఉంటాడు. ఇంటిని లైన్‌కో జనరేటర్‌కో ఒక్కదానికే కలిపే చేంజ్ ఓవర్ స్విచ్ పెట్టించండి.

పరకాల నుంచి: నాలుగు నెలలు మూలన పెట్టిన జనరేటర్ ఎంత తాడు లాగినా స్టార్ట్ కావట్లేదు.

కార్బురేటర్‌లో పాత పెట్రోలు జిగురు కట్టి ఉంటుంది. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది కదా, అది తేమను కూడా పీల్చుకుంటుంది. ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్ అడుగున ఉండే చిన్న డ్రెయిన్ స్క్రూ విప్పి పాతదంతా వంచేయండి. స్పార్క్ ప్లగ్గు తీసి తుడిచి, కొత్త పెట్రోలు పోసి లాగండి. అప్పటికీ కాకపోతే మెకానిక్‌తో కార్బురేటర్ క్లీన్ చేయించాల్సిందే. ఈసారి మూలన పెట్టే ముందు పెట్రోల్ కాక్ మూసి, ఇంజన్ దానంతట అదే ఆగేదాకా నడపండి.