హోటల్ తెరవబోతున్న మేనల్లుడికి: మనుషుల్ని పనిలో పెట్టుకునే ముందు

హ్యూస్టన్

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో హోటల్‌కు లీజు కుదిరిందనీ, వంటగది సామాను కూడా దిగిందనీ చదివి చాలా సంతోషించాను. లైసెన్సులు, తనిఖీలు, బ్యాంకు అప్పు సంగతులు నీవు ఇప్పటికే చక్కబెట్టుకున్నావు కనుక వాటి జోలికి పోను. నీవు ఉత్తరం చివర ఒక్క వాక్యంలో తేల్చేసిన విషయం గురించే ఇదంతా రాస్తున్నాను. వంటకూ, గిన్నెలు కడగడానికీ కాగితాలు లేనివాళ్లు తక్కువ జీతానికి దొరుకుతున్నారనీ, చుట్టుపక్కల చాలామంది అలాగే నడుపుకొస్తున్నారనీ, పట్టుబడితే పనివాళ్లే పట్టుబడతారు తప్ప యజమానుల జోలికి ఎవరూ రారనీ రాశావు. అందులో కొంత నిజం ఉంది. ఆ కొంత నిజాన్ని నమ్ముకుని వ్యాపారం మొదలుపెట్టవద్దన్నది నా మాట.

ముందు ఆ నిజం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకో. 1952 నాటి వలస చట్టం అనుమతి లేకుండా వచ్చినవారికి ఆశ్రయం ఇవ్వడాన్ని నేరంగా ప్రకటిస్తూనే, వారికి పని ఇవ్వడం మాత్రం ఆశ్రయం ఇవ్వడం కిందికి రాదని ప్రత్యేకంగా మినహాయించింది. టెక్సస్ వ్యవసాయదారుల పలుకుబడితో చేరిన మినహాయింపు కనుక దానికి టెక్సస్ ప్రొవైజో అనే పేరు నిలిచిపోయింది. అర్హత లేదని తెలిసి మనిషిని పనిలో పెట్టుకోవడం చట్టవిరుద్ధం కావడానికి 1986 నవంబరు 6న రీగన్ సంతకం చేసిన చట్టం దాకా ఆగవలసి వచ్చింది. ఆ చట్టం నిజానికి ఒక ఒప్పందం. అప్పటికే దేశంలో ఉన్నవారిలో అర్హులైనవారికి చట్టబద్ధమైన హోదా ఇస్తారు, ఇకమీదట అనుమతి లేనివారికి పని ఇచ్చే యజమానిని శిక్షిస్తారు. మొదటి సగం కింద సుమారు 27 లక్షల మందికి హోదా వచ్చింది. రెండో సగం చాలావరకు కాగితం మీదే ఉండిపోయింది. యజమాని తెలిసే చేశాడని రుజువు చేసే భారం ప్రభుత్వానిదే కావడం, చూపించిన కార్డు చూపుకు అసలైనదిగా కనిపిస్తే ఒప్పుకోవచ్చని చట్టమే చెప్పడం వల్ల, శిక్షలకు బదులు నకిలీ కార్డుల వ్యాపారం పెరిగింది. సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో కోర్టు రికార్డులను సేకరించే ట్రాక్ అనే సంస్థ లెక్క ప్రకారం, 2018 ఏప్రిల్ నుంచి 2019 మార్చి వరకు ఈ నేరం మీద దేశం మొత్తంలో విచారణకు వచ్చినవారు 11 మంది వ్యక్తులు. ఒక్క కంపెనీ కూడా లేదు. అదే 2019 ఆగస్టులో మిసిసిపీ కోళ్ల ఫ్యాక్టరీలలో ఒకే రోజున 680 మంది పనివాళ్లను పట్టుకున్నారు. మేనేజర్లలో నలుగురిపై అభియోగాలు మోపడానికి మరుసటి ఏడాది వరకు పట్టింది.

నీ లెక్క ఇక్కడితో ఆగిపోయింది. కోర్టులో ఎంతమంది యజమానులు నిలబడ్డారో చూసి ఈ దేశపు ప్రజలు వారిని ఏమనుకుంటున్నారో అంచనా వేయకూడదు. 2006 మార్చిలో ప్యూ అనే ప్రజాభిప్రాయ సర్వేల సంస్థ అక్రమ వలసను తగ్గించడానికి ఏది బాగా పనిచేస్తుందని అడిగినప్పుడు, సుమారు సగం మంది యజమానులపై జరిమానాలు పెంచడమే అన్నారు. సరిహద్దు గస్తీ పెంచాలన్నవారు మూడో వంతు. కంచెలు కట్టాలన్నవారు పదో వంతు కూడా లేరు. టీవీలో చూపించేదంతా సరిహద్దు గోడే కనుక ఈ సంగతి మనకు తట్టదు. మరో విశేషం ఏమిటంటే, అదే సర్వేలో వలస వచ్చినవారు చేసేవి అమెరికన్లు చేయడానికి ఇష్టపడని పనులేనని ఒప్పుకున్నవారు కూడా అధికసంఖ్యాకులే. అంటే ఆ పనివాడి మీద జాలి ఉన్నవారిలో కూడా చాలామందికి అతని చేత పని చేయించుకుని లాభపడేవాడి మీద జాలి లేదు.

ఈ కోపం ఎలా ఉంటుందో 1993 జనవరిలో అందరూ చూశారు. క్లింటన్ అటార్నీ జనరల్ పదవికి ప్రతిపాదించిన జోయీ బేర్డ్ పేరున్న లాయరు, పెద్ద ఆదాయం ఉన్న మనిషి. బిడ్డను చూసుకోవడానికీ, కారు నడపడానికీ పెరూ నుంచి వచ్చిన భార్యాభర్తలను పెట్టుకున్నారు. వారికి పని చేసే అనుమతి లేదు, వారి తరఫున కట్టవలసిన సోషల్ సెక్యూరిటీ పన్ను కూడా ఆ ఇంటివారు సకాలంలో కట్టలేదు. వాషింగ్టన్‌లో పెద్దలు మొదట దీన్ని చిన్న విషయంగానే తీసుకున్నారు. సెనేటర్ల కార్యాలయాలకు సామాన్యుల ఫోన్లు వరదలా వచ్చిన తరువాత గాని వారికి విషయం అర్థం కాలేదు. ఆమె తప్పుకోవలసి వచ్చింది. ఆ జంట మీద ఎవరూ పెద్దగా కోప్పడలేదు. న్యాయంగా జీతం ఇవ్వగలిగిన స్తోమత ఉండి కూడా ఇలా చేశారన్నదే జనం పట్టుకున్న మాట.

అయితే ప్రజాభిప్రాయం అన్ని చోట్లా ఒకే గట్టిదనంతో ఉంటుందని కూడా అనుకోకు. 1998లో జార్జియాలో విడేలియా ఉల్లి కోతల సమయంలో వలస అధికారులు పొలాల మీద దాడులు చేస్తే, ఆ రాష్ట్రపు సెనేటర్లూ కాంగ్రెస్ సభ్యులే పంట పాడవుతుందని అధికారులను తప్పుపడుతూ రాశారు. దూరాన ఉన్న యజమానిని శిక్షించమనడం తేలిక, మన ఊరి పంట మడిలో కుళ్లుతున్నప్పుడు అదే మాట మీద నిలబడడం కష్టం. మనవాళ్లు కూడా ఇందుకు మినహాయింపు కాదు. సరిహద్దు దాటి వచ్చినవారిని గురించి కటువుగా మాట్లాడడం మన విందుల్లో తరచుగా వింటూ ఉంటాను. ఆ విందుకు వండినవారు ఎవరో, వారికి జీతం ఎలా అందిందో ఆరా తీసినవారిని మాత్రం చూడలేదు. నా మటుకు నేను యజమానిని శిక్షించడమే న్యాయమని నమ్ముతాను. పిల్లలను పోషించుకోవడానికి ఏ పని దొరికినా చేసే మనిషికీ, ఇద్దరు ముగ్గురిని ఇంటర్వ్యూ చేసి ఎవరు చౌకో ఎంచుకునే మనిషికీ ఒకే శిక్ష పడడమే తప్పు. అలాంటిది మొదటివాడికి మాత్రమే పడడం ఇంకా పెద్ద తప్పు.

ఇక నీవు చేయవలసిన పని. ప్రతి కొత్త మనిషికీ, అతను మన ఊరివాడైనా, అమెరికాలో పుట్టినవాడైనా, పని చేసే అర్హతను నిర్ధారించే ఐ-9 ఫారం ఉండాలి. అందులో మొదటి భాగాన్ని పనిలో చేరిన రోజుకల్లా అతనే నింపి సంతకం చేయాలి. రెండో భాగాన్ని అతను చేరిన మూడు పనిదినాల లోపల నీవు అసలు కాగితాలు చేతిలో పట్టుకుని చూసి నింపాలి. శుక్రవారం రద్దీలో చేరిన కుర్రవాడి ఫారం వచ్చే వారం చూద్దాంలే అని సొరుగులో పడేయడం చాలా చోట్ల జరిగే పని. తనిఖీకి వచ్చినవారు మొదట పట్టుకునేవి కూడా అలాంటి తేదీలే. అమెరికా పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు లేదా పని అనుమతి చూపే ఈఏడీ కార్డు ఒక్కటి చాలు. లేకపోతే డ్రైవింగ్ లైసెన్సు వంటి గుర్తింపుతో పాటు సోషల్ సెక్యూరిటీ కార్డు వంటిది ఒకటి కావాలి. ఆ సోషల్ సెక్యూరిటీ కార్డును మాత్రం తీరిగ్గా చదువు. చాలామంది విద్యార్థుల కార్డుల మీద, పేరుకు పైన, 'వ్యాలిడ్ ఫర్ వర్క్ ఓన్లీ విత్ డీహెచ్ఎస్ ఆథరైజేషన్' అని, అంటే హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ అనుమతి ఉంటేనే పనికి చెల్లుతుందని, ముద్రించి ఉంటుంది. నీవు వచ్చిన కొత్తలో నీ కార్డు మీద కూడా ఉండే ఉంటుంది. ఆ ముద్ర ఉన్న కార్డు ఐ-9కు పనికిరాదు. ఈఏడీ కార్డు మీద గడువు తేదీ ఉంటుంది. దాన్ని క్యాలెండరులో రాసుకుని, గడువు తీరేలోపల మళ్లీ పరిశీలించాలి. గ్రీన్ కార్డు విషయంలో అలా మళ్లీ అడగకూడదు.

అడగకూడదన్న మాట దగ్గర కాస్త ఆగు, ఎందుకంటే జాగ్రత్తపరులు పొరపడేది ఇక్కడే. ఏ కాగితం చూపాలన్నది పనివాడి ఇష్టం. యాస చూసి, రంగు చూసి, ఇంటిపేరు చూసి ఒకరిని గ్రీన్ కార్డే తెమ్మనడం, మరొకరిని లైసెన్సుతో వదిలేయడం చట్టం ప్రకారం వివక్ష అవుతుంది. 1986 చట్టం వచ్చిన నాలుగేళ్లకు, 1990లో ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ అయిన జీఏవో ఒక నివేదికలో, ఆ చట్టం భయంతో విదేశీయుల్లా కనిపించేవారినీ, యాస ఉన్నవారినీ దూరం పెట్టడం మొదలుపెట్టిన యజమానులు సుమారు పది శాతం ఉన్నారని అంచనా వేసింది. యజమానులను శిక్షించాలనే వారితో నేను ఏకీభవిస్తూనే ఈ ఒక్క భయాన్ని ఎప్పుడూ పక్కన పెట్టలేదు, ఎందుకంటే ఆ అనుమానపు చూపు మొదట పడేది మనలాంటి ముఖాల మీదే. అందుకని అందరికీ ఒకే పద్ధతి పెట్టుకో, ఒక్కరికీ దాన్ని సడలించకు.

కంప్యూటరులో పేరును ప్రభుత్వ రికార్డులతో సరిపోల్చే ఈ-వెరిఫైలో చేరమని కూడా నా సలహా. టెక్సస్‌లో నీలాంటి ప్రైవేటు యజమానికి అది తప్పనిసరి కాదు. ఆరిజోనాలో 2008 నుంచి యజమానులందరికీ తప్పనిసరి. అక్కడ రెండోసారి తెలిసి తప్పు చేస్తే వ్యాపార లైసెన్సే పోయే చట్టాన్ని 2011లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఫ్లోరిడా 2023లో 25 మంది, ఆపైన పనివాళ్లు ఉన్నవారికి దాన్ని విధించింది. గాలి ఎటు వీస్తున్నదో దీన్నిబట్టే తెలుస్తుంది. చేరితే మాత్రం కొత్తగా తీసుకున్న ప్రతి ఒక్కరినీ అందులో చూడాలి, అది కూడా ఉద్యోగం ఇచ్చిన తరువాతే చూడాలి. పేరు సరిపోలలేదని మొదటి జవాబు వచ్చిన వెంటనే మనిషిని పంపేయకూడదు. దాన్ని సరిచేసుకునే పని మొదలుపెట్టడానికి అతనికి ఎనిమిది పనిదినాల గడువు ఉంది. పెళ్లి తరువాత ఇంటిపేరు మారిన మన ఆడపిల్లలు ఇందులో తరచుగా చిక్కుకునే అవకాశం ఉంది కనుక ఓపికగా ఉండు.

రాత్రిపూట శుభ్రం చేసే పనిని కాంట్రాక్టుకు ఇస్తే ఈ గొడవ ఉండదని ఎవరైనా చెబితే నమ్మకు. అలాంటి శుభ్రపరిచే కాంట్రాక్టర్ల పనివాళ్ల విషయంలోనే వాల్‌మార్ట్ 2005లో 1.1 కోట్ల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. చెట్లు కొట్టే అస్‌ప్లండ్ కంపెనీ పైఅధికారులు కావాలనే కళ్లు మూసుకున్నారని ప్రభుత్వం నిలదీసిన కేసు 2017లో 9.5 కోట్ల డాలర్లతో ముగిసింది. నీ స్థాయికి ఆ అంకెలు పెద్దవి. నీకు తగిలేవి వేరు: అనుమతి లేదని తెలిసి పెట్టుకున్న మొదటి తప్పుకే మనిషికి 5,000 డాలర్లు దాటవచ్చు, మనుషులందరూ అర్హులే అయినా ఫారాలు సరిగా లేకపోతే ఫారానికి 2,500 డాలర్లు దాటవచ్చు. ఇదే అలవాటుగా చేసినట్టు తేలితే ఆరు నెలల వరకు జైలు కూడా ఉంది. ఇంకొక్క మాట: ఏ కారణం చేతనైనా కాగితాలు లేని మనిషి నీ దగ్గర పని చేసి ఉంటే, చేసిన గంటలకు జీతం ఎగ్గొట్టే హక్కు నీకు లేదు. కనీస వేతనం, వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్ల కూలీ అతనికి కూడా వర్తిస్తాయి.

చివరగా, డెంటన్‌లో ఎమ్మెస్ చదువుతున్న నీ స్నేహితుడి తమ్ముడిని వారాంతాల్లో నగదు జీతానికి కౌంటరులో పెట్టుకుంటానన్నావే, ఆ సంగతి. నీవు దాన్ని సహాయం అనుకుంటున్నావని తెలుసు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాడికి చదువు నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే అనుమతి. బయట పని చేయాలంటే వేరే అనుమతి ఉండాలి. చట్టం దృష్టిలో సరిహద్దు దాటి వచ్చిన వంటవాడినీ, ఇతన్నీ ఒకే గాటన కడతారు, ఇద్దరూ పని చేసే అనుమతి లేనివారే. పట్టుబడితే నీకు జరిమానాతో సరిపోవచ్చు. అతనికి విద్యార్థి హోదా పోతుంది, దాని వెనుకే చదువు అయ్యాక పని చేసుకునే ఓపీటీ అనుమతి, ఆ తరువాతి హెచ్-1బీ ఉద్యోగ వీసా ఆశ కూడా పోతాయి. ఊళ్లో వాళ్ల నాన్న పొలం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు మాత్రం వడ్డీతో సహా అక్కడే ఉంటుంది. గంటకు పది డాలర్ల కోసం ఒక కుర్రవాడిని ఆ పరిస్థితికి దగ్గర చేయడానికి నీకు గాని, నాకు గాని అధికారం లేదు. అతనికి డబ్బు ఇబ్బందిగా ఉంటే ఈ సెమిస్టరుకు అప్పుగా కొంత ఇవ్వు, సగం నేను పంపుతాను. క్యాంపస్ డైనింగ్ హాలులోనూ, లైబ్రరీలోనూ ఖాళీలు చూడమని చెప్పు.

తెరిచే ముందే ఒక లాయరు చేత ఐ-9ల పద్ధతి ఒకసారి చూపించుకో. ఫారాలను మనుషుల ఫైళ్లలో కలపకుండా విడిగా పెట్టు. మనిషి మానేసినా చేరిన రోజు నుంచి మూడేళ్లు లేదా మానేసిన తరువాత ఒక ఏడాది, ఏది ఆలస్యమైతే అంతవరకు దాచాలి. తనిఖీ నోటీసు వస్తే మూడు పనిదినాలు సమయం ఇస్తారు; ఆ మూడు రోజుల్లో పాత తేదీలు వేసి కొత్త ఫారాలు రాయించడానికి మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకు, తప్పు తేదీని అలాగే ఉంచి, సరిచేసిన తేదీని పక్కన రాసి సంతకం చేయి. నీవు వంటకు పెట్టుకోవాలనుకుంటున్న ఆ గ్వాటెమాలా ఆయన పని అనుమతికి దరఖాస్తు పెట్టుకున్నానని చెప్పాడన్నావు కదా. అనుమతి చేతికి రాకముందు పనిలో పెట్టకు, వచ్చిన రోజున మాత్రం అందరికీ ఇచ్చే జీతమే ఇచ్చి పెట్టుకో.

అక్కయ్యకు నా నమస్కారాలు చెప్పు.

నీ మేనమామ