హవాయి ప్రయాణానికి ముందు అక్కడి భాషలో ఏ మాటలు నేర్చుకోవాలి, ఎలా?

వారం రోజులు ఒవాహు ద్వీపంలో ఉండబోతున్నామని, అక్కడ అందరికీ ఇంగ్లీషు వచ్చినా స్థానిక భాషలో కొన్ని మాటలు నేర్చుకోవాలనుందని, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. మంచి ఆలోచనండి. ముందుగా ఒక్క మాట: ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న జాబితాలు బట్టీ పట్టకండి. ప్రతి మాటా తెలుగు లిపిలో రాసుకోండి.

హవాయియన్‌లో అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఒక్కోదానికీ హ్రస్వం, దీర్ఘం ఉంటాయి. దీర్ఘాన్ని అక్షరం మీద చిన్న అడ్డగీతతో చూపిస్తారు, దాన్ని కహకో అంటారు. ఎ-ఏ, ఒ-ఓ తేడా ఇంగ్లీషు వాళ్లు విడిగా సాధన చేయాలి, మనకు అది అక్షరమాలలోనే ఉంది. హల్లులు హ, క, ల, మ, న, ప, వ. ఒత్తక్షరాలు లేవు, సంయుక్తాక్షరాలు లేవు, ప్రతి మాటా మన అజంతాల్లాగే అచ్చుతో ముగుస్తుంది. మన వ అక్కడ దాదాపు ప్రతిచోటా చెల్లిపోతుంది.

ఎనిమిదో హల్లు మాత్రం మనకు లేదు. దాని పేరు 'ఒకిన. ఇక్కడ దాన్ని ' గుర్తుతో చూపిస్తున్నాను. గొంతును క్షణం బిగించి వదిలితే వచ్చే తెగింపు అది. పసివాడు వేడి గిన్నె ముట్టుకోబోతే "అ-అ" అని ఆపుతాం చూడండి, ఆ రెండు అ-ల మధ్య ఉన్నదే 'ఒకిన. దీన్ని వదిలేస్తే అర్థమే మారుతుంది. కొఉ ఇనొఅ అంటే నీ పేరు, కొ'ఉ ఇనొఅ అంటే నా పేరు. లానై అంటే హోటల్ గది బాల్కనీ, లాన'ఇ అంటే ఒక ద్వీపం.

తెలుగువాళ్ల నోట తప్పు ఎక్కువగా దొర్లేది ఇంకోచోట. రెండు అచ్చులు పక్కపక్కన వస్తే మన నాలుక తెలియకుండానే మధ్యలో య గానీ వ గానీ చేరుస్తుంది. నుఇ నూయి అవుతుంది, లొఅ లోవా అవుతుంది. హవై'ఇని మనం హవాయి అనడంలోనూ ఈ య వినిపిస్తుంది. అచ్చులను విడివిడిగా, కానీ ఆగకుండా పలకాలి. రెండో అలవాటు, చివరి అచ్చును సాగదీయడం. అలొహ, మహలొ అని పొట్టిగా ముగించండి. ఊనిక సాధారణంగా చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది, దీర్ఘం ఉంటే దాని మీద కూడా. మహలొలో హ స్పష్టంగా వినబడాలి. అది మింగేస్తే మలొ అవుతుంది, అంటే గోచీ.

నోటితో అనడానికి ఇవి చాలు. అలొహ, పలకరింపుకీ వీడ్కోలుకీ. ఉదయం అలొహ కకహిఅక, సాయంత్రం అలొహ అహిఅహి. మహలొ అంటే కృతజ్ఞతలు, ఇంకా గట్టిగా చెప్పాలంటే మహలొ నుఇ లొఅ. ఎవరైనా మీకు మహలొ అంటే 'అ'ఒలె పిలికిఅ అనండి, ఇబ్బందేం లేదని. తోవ ఇవ్వమనడానికి, క్షమించమనడానికి ఎ కల మై. మళ్లీ కలుద్దాం అనడానికి అ హుఇ హొఉ. పేరు అడిగితే 'ఒ అని మొదలుపెట్టి, మీ పేరు చెప్పి, కొ'ఉ ఇనొఅ అని ముగించండి. నొ హైదరాబాద్ మై ఔ అంటే హైదరాబాద్ నుంచి వచ్చాను.

గుంపును పలకరించేటప్పుడు అలొహ కాకొఉ అనడం వింటారు. కాకొఉ అంటే వినేవాళ్లను కూడా కలుపుకున్న మనం, ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువ మంది. వినేవాళ్లను కలపని మేము అయితే మాకొఉ. ఇద్దరే ఉంటే కాఉఅ, మాఉఅ అని వేరే మాటలు. మనం, మేము తేడా పుట్టుకతో వచ్చిన మనకు ఈ పాఠం ఒక్క నిమిషంలో అయిపోతుంది.

నిజానికి మాట్లాడటం కన్నా చదవడం, వినడం దగ్గరే ఈ భాష ఎక్కువ పనికొస్తుంది. మరుగుదొడ్డి తలుపు మీద కానె అంటే మగవాళ్లు, వహినె లేదా వాహినె అంటే ఆడవాళ్లు. కపు అన్న బోర్డు ఉంటే లోపలికి అడుగు పెట్టకూడదు. ఎవరి సొంత స్థలమో, పవిత్ర స్థలమో అయ్యుంటుంది. హెఇఅఉ అని రాసి ఉంటే ప్రాచీన ఆరాధనా స్థలం, దాని గోడల మీద ఎక్కకండి, రాయి కూడా కదపకండి. దారి అడిగితే ఉత్తరం, దక్షిణం అనరు. మౌక అంటే కొండ వైపు, మకై అంటే సముద్రం వైపు. ఇవి దిక్కులు కావు. హొనొలులులో మకై దాదాపు దక్షిణం, ద్వీపం ఉత్తర తీరానికి వెళితే అదే మకై ఉత్తరానికి మారిపోతుంది. తూర్పు వైపు, పడమటి వైపు అని గుర్తులు చెప్పుకునే మనవాళ్లు ఇక్కడే తికమకపడతారు. పౌ అంటే అయిపోయింది. ప్లేటు తీసేముందు పౌ? అని అడిగితే తినడం అయ్యిందా అని.

శాకాహారులైతే తిండి మాటలు తప్పకుండా నేర్చుకోండి. పుఅ'అ పంది మాంసం, పిపి గొడ్డు మాంసం, మొఅ కోడి, ఇ'అ చేప, హె'ఎ ఆక్టోపస్. కాలుఅ అంటే భూమిలోని పొయ్యిలో వండింది, సాధారణంగా పంది మాంసమే. లౌలౌ పైకి ఆకుల పొట్లంలా కనిపిస్తుంది గానీ లోపల మాంసం ఉంటుంది. కలొ మన చేమదుంపే. దాన్ని ఉడికించి, నీళ్లతో మెత్తగా దంచితే పొఇ, అది తినొచ్చు. హౌపిఅ కొబ్బరిపాల మిఠాయి. 'ఒనొ అంటే రుచికరం, 'ఒకిన లేని ఒనొ ఒక చేప. మెనూల్లో ఆ గుర్తు తరచు వదిలేస్తారు, కాబట్టి అడిగి తెలుసుకోండి.

ఊళ్ల పేర్లను ముక్కలుగా విరవండి. వై మంచినీరు, కై సముద్రం, మౌన పర్వతం, పు'ఉ గుట్ట, హలె ఇల్లు, లా సూర్యుడు, క లేదా కె అనేవి నామవాచకానికి ముందు వచ్చే చిన్న మాటలు. హలె-అ-కలా అనే పర్వతం పేరుకు అర్థం సూర్యుడి ఇల్లు. లికెలికె అనే రహదారి ఒక రాజకుమారి పేరు, దాన్ని ఇంగ్లీషులో చదివినట్టు లైక్‌లైక్ అనకండి.

హవాయియన్ అనే మాటను అక్కడి మూలవాసులకే వాడండి. అక్కడే పుట్టి పెరిగినా ఇతర జాతుల వాళ్లను లోకల్ అంటారు. వీధుల్లో వినబడే, ఇంగ్లీషులో ఇతర భాషలు కలిసి పుట్టిన పిడ్జిన్‌ను అనుకరించవద్దు, అది వేరే భాష, వెక్కిరించినట్టు ఉంటుంది. 1896 చట్టంతో బడుల్లో ఇంగ్లీషే బోధనా భాష అయి, హవాయియన్ దాదాపు కనుమరుగయ్యే స్థితికి వచ్చింది. 1978లో రాష్ట్ర రాజ్యాంగం దాన్ని అధికార భాషగా గుర్తించింది, 1984లో హవాయియన్‌లోనే బోధించే పూనన లెఒ పసిపిల్లల బడులు మొదలయ్యాయి. ఉచ్చారణ విషయంలో అక్కడివాళ్లు అంత పట్టుదలగా ఉండటానికి కారణం ఇదే.

సాధనకు డ్యూయోలింగో యాప్‌లో 2018 నుంచి హవాయియన్ కోర్సు ఉంది. రోజుకు పది నిమిషాలు చేస్తే చెవి అలవాటు పడుతుంది. అనుమానం వచ్చిన మాటను వెహెవెహె అనే ఆన్‌లైన్ నిఘంటువులో వెతకండి, కహకో, 'ఒకిన ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి మీ తెలుగు రాతను సరిచేసుకోండి.