పాప తండ్రికి ఎందుకు చెప్పలేదు?

ప్రశ్న: మా పాపకు 10 నెలలు నిండాయి. ఆరు వారాలు ముందే పుట్టింది. కూర్చోబెడితే కూర్చుంటుంది, బోర్లా పడి పొట్టమీద జరుగుతుంది కానీ ఇంకా పాకడం లేదు. నెలలు నిండి పుట్టిన మా తోటికోడలి బాబు పాప కంటే పదిహేను రోజులే పెద్దవాడు, అప్పుడే గోడ పట్టుకుని అడుగులు వేస్తున్నాడు. అత్తగారు ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి రోజూ పోలుస్తున్నారు. పిల్లల డాక్టర్ ఏ లోపమూ లేదన్నా నాకు నమ్మకం కలగడం లేదు. మావారికి ఇవేవీ చెప్పలేదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళిన సంగతి కూడా ఆయనకు తెలియదు. తెలిస్తే బెంగ పెట్టుకుంటారు. వాకర్‌లో వేస్తే త్వరగా నడుస్తుందా?

జవాబు: వాకర్ కొనకండి. అందులో వేసినంత మాత్రాన పిల్లలు త్వరగా నడవరు. నేల మీద దొర్లుతూ, ఒరుగుతూ నేర్చుకోవలసిన సమయం వృథా కావడమే కాకుండా, మెట్ల మీద నుంచి పడి తలకు దెబ్బలు తగిలే ప్రమాదం ఉంది కనుక కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. మీ ప్రశ్నకు ఇంతకు మించిన సమాధానం అవసరం లేదు.

ఇక పోలిక సంగతి. ముందుగా పుట్టిన బిడ్డకు రెండేళ్ళు వచ్చేదాకా, ఎన్ని వారాలు ముందు పుట్టిందో అన్ని వారాలు తీసివేసి వయసు లెక్కించాలి. ఆ ప్రకారం మీ పాపది ఎనిమిదిన్నర నెలల వయసు, అంటే మీరు పదిహేను రోజులనుకుంటున్న తేడా నిజానికి రెండు నెలలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా ఐదు దేశాల పిల్లలను గమనించి 2006లో ప్రకటించిన వివరాల ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు పాకడం 5.2 నుంచి 13.5 నెలల మధ్య ఎప్పుడైనా మొదలుపెట్టవచ్చు, ఆసరా లేకుండా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా జరగవచ్చు. దాదాపు 4 శాతం మంది చేతులూ మోకాళ్ళ మీద పాకకుండానే నడకకు వెళ్ళిపోయారు. పాప పిలిస్తే తిరిగి చూస్తుందా, చప్పుళ్ళకు స్పందిస్తుందా, ముఖంలోకి చూసి నవ్వుతుందా, రెండు చేతులనూ సమానంగా వాడుతుందా అన్నవి గమనించండి. వీటిలో ఏది లేకపోయినా, ఒంట్లో మరీ బిగువుగానీ మరీ మెత్తదనంగానీ కనిపించినా, ముఖ్యంగా ఒకసారి వచ్చిన విద్య మళ్ళీ పోయినా ఒక్క రోజు కూడా ఆగకుండా డాక్టర్‌కు చూపించాలి.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఇదేదీ కాదు, భర్త గురించి మీరు రాసిన మూడు వాక్యాలు. పది నెలలుగా ఒకే ఇంట్లో, ఒకే బిడ్డకు తల్లిదండ్రులుగా ఉంటూ, ఆ బిడ్డను డాక్టర్‌కు చూపించిన విషయం ఆయనకు తెలియకుండా దాచవలసిన అవసరం మీకెందుకు వచ్చింది? బెంగ పెట్టుకుంటారన్న కారణాన్ని నేను నమ్మలేకపోతున్నాను. ఆయన కూడా తల్లిలాగే పాపను పక్క బిడ్డతో తూచి చూస్తారేమోనని, ముందే పుట్టడం మీ తప్పేనన్న మాట ఆయన నోటి నుంచి వినవలసి వస్తుందేమోనని మీరు భయపడుతున్నారు. నెలలు నిండకుండా కాన్పు కావడం మీ తప్పు కాదు. అయితే ఆ భయాన్ని దాచుకుంటూ పోతే, తండ్రిగా ఆయన తెలుసుకోవలసినవన్నీ మీరే అడ్డుకున్నవారవుతారు.

డాక్టర్ మాట మీకు ఊరటనివ్వకపోవడానికి కారణం కూడా ఇదేనని నా అభిప్రాయం. ఆ మాట మీరొక్కరే విన్నారు. అర్ధరాత్రి సందేహం లేచినప్పుడు "నేనూ విన్నాను కదా, ఫర్వాలేదన్నారు కదా" అని చెప్పే మనిషి పక్కనే నిద్రపోతున్నా, ఆయనకు ఆ సంగతి తెలియదు. రేపు పాపకు నిజంగానే ఫిజియోథెరపీ అవసరమైతే అప్పుడూ ఒంటరిగా ఎత్తుకుని తిరుగుతారా? బిడ్డ కోసం బెంగపడటం తండ్రికి శిక్ష కాదు, అది ఆయన బాధ్యత, ఆయన హక్కు కూడా. భర్తను నొప్పించకూడదన్న పేరుతో ఆయనను ఇంటికి వచ్చిన అతిథిలా చూడటాన్ని నేను మంచితనంగా ఒప్పుకోలేను.

అత్తగారి మీద కోపం పెంచుకోకండి. ఆవిడ చేస్తున్నది తప్పే, కానీ ఆ తప్పును ఆవిడకు చెప్పవలసింది మీరు కాదు, ఆవిడ కొడుకు. "అమ్మా, పాప ముందే పుట్టింది, దాని వయసు వేరు, ఇక పోల్చవద్దు" అని ఆయన నెమ్మదిగా ఒక్కసారి చెబితే చాలు. అదే మాట మీరు వందసార్లు చెప్పినా కోడలి ఎదురుమాటగానే మిగిలిపోతుంది. మీ తోటికోడలితో మాత్రం మామూలుగా ఉండండి, ఆమెకు గానీ ఆ బాబుకు గానీ ఇందులో ఏ పాత్రా లేదు.

ఈ రాత్రి పాప నిద్రపోయాక, డాక్టర్ దగ్గరికి వెళ్ళిన రోజు నుంచి మొదలుపెట్టి అంతా ఆయనకు చెప్పండి. ఇన్నాళ్ళూ దాచినందుకు కోపగించుకుంటే పడండి, అది న్యాయమైన కోపం. తర్వాతిసారి పరీక్షకు ఆయననే పాపను ఎత్తుకుని లోపలికి రమ్మనండి, ప్రశ్నలు కూడా ఆయననే అడగనివ్వండి. రోజూ కొంతసేపు పాపను నేల మీద బోర్లా పడుకోబెట్టి, బొమ్మను అందీ అందనంత దూరంలో పెట్టి, దాని ఎదురుగా కూర్చునే పని ఆయనకు అప్పగించండి.