సెన్సార్ అయిన సినిమానే కదా అని పిల్లలను తీసుకెళ్లొచ్చా?

మీరు అడిగింది ఇదీ: "మా బాబుకు 12 ఏళ్లు. సెన్సార్ వాళ్లు చూసి వదిలిన సినిమానే కదా అని తీసుకెళ్తే తెర మీద తలలు తెగిపడుతున్నాయి. ఈ సెన్సార్ వల్ల పిల్లలకు నిజంగా ఉపయోగం ఉందా, లేక అన్నీ మనమే ఆపుకోవాలా?"

పల్నాడు వైపు ఒక చిన్న టౌన్‌లో సింగిల్ స్క్రీన్ హాలుకు చాలా ఏళ్లు మేనేజరుగా చేశాను. పిల్లలతో వచ్చిన వాళ్లకు గేటు దగ్గర సర్దిచెప్పే పని నాదే. ఆ అనుభవంతో చెప్తున్నాను. సెన్సార్ బోర్డు చేసే పనులు రెండు: కత్తిరించడం, ముద్ర వేయడం, అంటే ఏ వయసువాళ్లు చూడొచ్చో చెప్పే సర్టిఫికెట్ ఇవ్వడం. జనం కత్తెరను నమ్ముకుంటారు, ముద్ర వైపు చూడరు. పిల్లలున్న ఇంటికి పనికొచ్చేది మాత్రం ముద్రే.

ఇదివరకు యూ/ఎ అంటే 12 ఏళ్ల లోపు పిల్లలకు చూపించేముందు తల్లిదండ్రులు ఒకసారి ఆలోచించుకోవాలని. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, 2024లో కొత్త రూల్స్ తెచ్చి దాన్ని మూడు చేశారు: యూ/ఎ 7+, 13+, 16+. చాలామందికి తెలియని సంగతి ఏంటంటే, 16+ సినిమాకు ఎనిమిదేళ్ల పిల్లాణ్ని వెంటబెట్టుకుని వచ్చినా హాలు వాళ్లు ఆపలేరు. నిర్ణయం అమ్మానాన్నలకే వదిలేశారు. ‘ఎ’ అయితే అలా కాదు. 18 నిండని వాళ్లను లోపలికి పంపిస్తే కేసు హాలు మీద పడుతుంది.

అందుకే పెద్ద హీరో సినిమాకు ‘ఎ’ పడిందంటే మాకు టెన్షన్. "వాడు పడుకుంటాడులెండి" అని ఒకరు, "వాడికేం అర్థమవుద్దండీ" అని ఇంకొకరు. టెన్త్ కుర్రాళ్లు అన్న ఆధార్ కార్డు పట్టుకొస్తారు. నలుగురున్న ఇంట్లో ఇద్దరు పిల్లల్ని ఆపితే నాలుగు టికెట్లూ పోయినట్టే. నిర్మాతలకూ ఈ లెక్క బాగా తెలుసు. 2025 ఆగస్టులో ‘కూలీ’కి ‘ఎ’ వస్తే, యూ/ఎ ఇప్పించమని నిర్మాణ సంస్థ మద్రాసు హైకోర్టు దాకా వెళ్లింది. కోర్టు ఒప్పుకోలేదు.

మీ బాబు చూసిన సినిమా అలా ఉండటానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ‘ఎ’ పడితే కుటుంబాలు రావు. కాబట్టి ఇక్కడ నాలుగు సెకన్లు తీసేస్తాం, అక్కడ రక్తం తగ్గిస్తాం, ఈ బూతు మ్యూట్ చేస్తాం అని ఒప్పుకుని యూ/ఎ తెచ్చుకుంటారు. కథ అదే, నరుకుడు అదే. బోర్డు వాళ్లు పిల్లల్ని మనసులో పెట్టుకునే అడుగుతారేమో గానీ, అవతలి వాళ్లు ఒప్పుకునేది కలెక్షన్ల కోసం. చివరికి బయటికొచ్చేది ‘ఎ’ సినిమాకు కాస్త నీళ్లు కలిపిన సరుకు.

మ్యూట్ సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. తెర మీద మాట ఆగిపోతుంది, పెదాలు మాత్రం కదులుతుంటాయి. ఆ ఖాళీని ముందు వరసల్లో కూర్చున్న ఏడో తరగతి పిల్లలు అందరూ కలిసి గట్టిగా పూరిస్తారు! మామూలుగా వినిపించి ఉంటే సగం మంది పట్టించుకోరు. ఆపేసరికి అదేదో పెద్ద విషయమని తెలిసిపోతుంది. ముద్దుల మీద కత్తెర కూడా ఇలాంటిదే. 2025లో వచ్చిన ‘సూపర్‌మ్యాన్’కు 13+ ఇస్తూ ముద్దు సీను కత్తిరించారు. భవనాలు కూలిపోవడం, కొట్టుకోవడం ఉండనిచ్చారు. 13 ఏళ్ల పిల్లలకు ఏది ఎక్కువ చెరుపో నాకైతే ఈ లెక్క అర్థం కాలేదు.

చిన్నపిల్లలు ఏడిస్తే తల్లులు వాళ్లను ఎత్తుకుని వరండాలోకి వచ్చేవాళ్లు. నేను చూసినంతవరకు బూతుమాటకు ఏడ్చిన పిల్లలు లేరు. సౌండుకు, చీకటికి, తెర మీద ఎవరో అరిచి చావడానికి బెదిరిపోయేవాళ్లు. సెకండ్ షో అయితే మరీ ఘోరం, నిద్ర చెడి ఇంకా జడుసుకుంటారు. 2025 జనవరిలో తెలంగాణ హైకోర్టు 16 ఏళ్ల లోపు పిల్లలను ఉదయం 11కు ముందు, రాత్రి 11 తర్వాత హాళ్లలోకి పంపొద్దంది. మల్టీప్లెక్సుల వాళ్లు వెళ్లి అడిగాక మార్చిలో ఆ ఆంక్ష తీసేశారు. వ్యాపారం చేసినవాణ్నే అయినా, రాత్రి షోల వరకు ఉంచాల్సిందని నా అభిప్రాయం.

ఇక టీవీ, ఫోను. ‘ఎ’ సినిమాను టీవీలో వేయకూడదు. మళ్లీ కత్తిరించి యూ/ఎ తెచ్చుకోవాలి. టీవీలో కొన్ని సినిమాలు ముక్కలుముక్కలుగా కనిపించేది అందుకే. ఓటీటీకి 2021 రూల్స్ ప్రకారం 13+, ఆపై వాటికి పేరెంటల్ లాక్ సౌకర్యం ఇవ్వాలి. ఇస్తున్నారు కూడా. అయితే ఎన్ని ఇళ్లలో పిన్ పెట్టారు? పిల్లలు నాన్న ప్రొఫైల్‌లోనే చూస్తుంటారు. హాల్లో కట్ అయిన సీన్లు కొన్నిసార్లు అక్కడ పూర్తిగానే ఉంటాయి.

పదిహేను దాటిన పిల్లల విషయంలో నాకు వేరే బాధ ఉంది. 2016లో పంజాబ్ కుర్రాళ్లు మత్తుమందుల్లో మునిగిపోవడం మీద తీసిన ‘ఉడ్తా పంజాబ్’కు బోర్డు బోలెడు కట్స్ అడిగితే, బాంబే హైకోర్టు ఒక్క కట్‌తో వదిలింది. వచ్చింది మాత్రం ‘ఎ’ సర్టిఫికెట్టే. ఆ అలవాటు మొదలయ్యే వయసు పిల్లలకు ఆ సినిమా చూసే వీల్లేదు. అదే వయసువాళ్లు ఐటెం సాంగ్, హీరోయిన్ వెంటపడి వేధించే హీరో ఉన్న సినిమాలు దర్జాగా యూ/ఎలో చూసేస్తారు. మా అమ్మాయి ఇంటర్‌లో ఉండగా ఇలాంటి ఒక సినిమా చూసొచ్చి "నాన్నా, నిజంగా ఎవడైనా అలా వెంటపడితే పోలీస్ స్టేషన్‌కు వెళ్లాలి కదా, వాళ్లేంటి పాట వేశారు?" అంది. ఆ రోజు చాలాసేపు మాట్లాడుకున్నాం. సినిమా ఆపేసి ఉంటే ఆ మాటలు వచ్చేవి కావు. ఆ వయసులో ఆపడం కంటే పక్కన కూర్చుని చూడటమే పనిచేస్తుంది.

మీ బాబు విషయానికొస్తే, బుక్‌మైషోలో సినిమా వివరాల్లోనే సర్టిఫికెట్ ఉంటుంది, అది చూసి టికెట్ తీయండి. 7+ అయితే దిగుల్లేదు. 13+ అయితే ముందు చూసినవాళ్లను అడగండి. హీరో ఎలా చేశాడని కాదు, రక్తం ఎంత ఉందని. 16+ అయితే నాలుగేళ్లు ఆగినా కొంప మునగదు. ఓటీటీలో వాడికి వేరే ప్రొఫైల్ పెట్టి, మీ ప్రొఫైల్‌కు పిన్ పెట్టండి. పుట్టినరోజు తేదీ పెట్టకండి, అదే ముందు కొడతారు. హాలుకు మ్యాట్నీకే వెళ్లండి, వరస చివరి సీట్లు తీసుకోండి. బాబు ఇబ్బంది పడుతుంటే మధ్యలో లేచి వచ్చేయొచ్చు. డబ్బులు మాత్రం తిరిగి ఇవ్వరు, అడిగి చూసినవాళ్లు మా హాల్లో చాలామందే ఉన్నారు.