బడి పెట్టడం సరే, జనం నిలవడం ఎలా?

ర్యాంకులూ నెలనెలా పరీక్షలూ లేకుండా నడిచే కొత్త హైస్కూళ్ల గురించి బెంగళూరు పాఠకులు అడిగిన కొన్ని ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: ఏడు కుటుంబాలు, నలుగురు టీచర్లు కలిసి వచ్చే జూన్‌లో ఆరు నుంచి పది దాకా బడి మొదలుపెడుతున్నాం. 24 మంది పిల్లలు పేర్లిచ్చారు. రెండుసార్లు ఓపెన్ హౌస్ పెట్టాం. వచ్చారు, కాఫీ తాగారు, బాగుందన్నారు, వెళ్లారు. వీళ్లు మనవాళ్లయ్యేదెలా?
— ఒక తల్లి, సర్జాపుర రోడ్డు

ఓపెన్ హౌస్ అడ్మిషన్లకు పనికొస్తుంది, మనుషుల్ని కలపడానికి కాదు. అక్కడ మీరు చెబుతారు, వాళ్లు వింటారు. అది తిరగబడాలి. బడి తెరిచేలోపు టీచర్లు ప్రతి ఇంటికీ వెళ్లాలి. నలుగురు టీచర్లంటే రెండు జట్లు. ఆదివారం ఒక్కో జట్టు మూడిళ్లు చూస్తే నాలుగు ఆదివారాల్లో 24 ఇళ్లూ అయిపోతాయి. ఇంటికి నలభై నిమిషాలు చాలు. చేతిలో ఫారం, ల్యాప్‌టాప్ ఉండకూడదు. ఏదైనా రాసుకోవాలంటే బయటికొచ్చాక రాసుకోండి.

అడగాల్సినవి మూడే. పాత బడిలో మీ పిల్ల దేనికి భయపడేది? సాయంత్రం ఇంట్లో ఎవరుంటారు? మా బడిలో మీకు ఏ విషయంలో నమ్మకం కుదరట్లేదు? మూడోది అడిగి ఊరుకోవాలి, వెంటనే సర్దిచెప్పకూడదు. ఆ జవాబులన్నీ ఒక చోట పెడితే మీ మొదటి ఏడాది మీటింగులకు అజెండా దొరికినట్టే.

బడి మొదలయ్యాక నెలకో శనివారం, పది నుంచి పదకొండున్నర దాకా కూర్చోండి. 12, 15 కుటుంబాలు దాటితే రెండు గుంపులు చేయండి. పిల్లల రిపోర్టులు అక్కడ చదవొద్దు. పేరు కనపడకుండా ఒక్క నోట్‌బుక్ పేజీ పెట్టండి. ఉదాహరణకు ఒక పిల్లవాడు −3 − (−5) = −8 అని రాశాడు. ఎర్ర ఇంకు లేదు. ఎందుకు లేదో టీచరు చెప్పాలి: 'మూడు రూపాయలు బాకీ ఉన్నావు. నీ ఖాతాలోంచి ఐదు రూపాయల బాకీ కొట్టేశారు. ఇప్పుడు నీ దగ్గరేముంది?' అని అడిగితే, వాడు కాసేపు ఆగి రెండు అన్నాడు, వెనక్కెళ్లి తనే దిద్దుకున్నాడు. మీ పద్ధతి ఏమిటో వంద స్లైడ్ల కన్నా ఆ ఒక్క పేజీ బాగా చెబుతుంది.

ఈ మీటింగులు చెడేది రెండు చోట్ల. అదే నలుగురు ప్రతిసారీ మాట్లాడటం ఒకటి, అంతా ఇంగ్లిష్‌లో జరగడం రెండోది. మొదట ప్రతి ఒక్కరూ ఒక్క నిమిషం మాట్లాడాలి, మధ్యలో ఎవరూ అందుకోకూడదు. తెలుగులోనో కన్నడలోనో మాట్లాడేవాళ్ల పక్కన అర్థం చెప్పే మనిషిని కూర్చోబెట్టండి. సాఫ్ట్‌వేర్ నాన్నలు దీన్ని స్ప్రింట్ రివ్యూ (ఆఫీసులో పని ఎంతైందో లెక్కచూసే మీటింగు) చేసేస్తారు, కాస్త చూసుకోండి.

'వీలైనప్పుడు సాయం చేయండి' అంటే ఎవరూ రారు. మంగళవారం రెండు గంటలు లైబ్రరీ, మూడు నెలలకోసారి లెక్కల తనిఖీ, ఇలా పనికి పేరు, సమయం, గడువు పెట్టండి. మొదటి ఏడాది తల్లిదండ్రులతో రోజువారీ పాఠాలు చెప్పించకండి. పక్కింటి పిల్ల ఎలా చదువుతుందో వాళ్లకు తెలిసిపోతుంది, అది అపార్ట్‌మెంట్ లిఫ్టులోకి చేరుతుంది. బయటి పెద్దవాళ్లెవరూ పిల్లలతో ఒంటరిగా ఉండకూడదన్న నియమం రాతలో ఉండాలి. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగొచ్చని అనుమానం ఉన్నా పోక్సో చట్టం 2012 ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, 'మనలో మనం సర్దుకుందాం' అనేది నేరం. ఇది మొదటి మీటింగులోనే చెప్పండి.

ప్రశ్న: మా బడికి మూడేళ్లు. ఏడో తరగతి దాకా తల్లిదండ్రులు బడి కోసం ప్రాణం పెడతారు, ఎనిమిది అవగానే టీసీ అడుగుతారు. పోయినేడు తొమ్మిది మందిలో ఐదుగురు వెళ్లిపోయారు. లోపం ఎక్కడ?
— నిర్వాహకులు, కాడుగోడి

మీ పద్ధతి నచ్చక వాళ్లు వెళ్లి ఉండరు. 'పదోది ఏ బోర్డు?' అంటే 'పిల్లల్ని బట్టి చూద్దాం' అన్నారేమో గుర్తు చేసుకోండి. ఆరో తరగతిలో ఆ మాట ముద్దొస్తుంది, ఎనిమిదిలో భయపెడుతుంది. ఈ జవాబు ఆరో తరగతి అడ్మిషన్ రోజునే కాగితం మీద ఇవ్వాలి.

మొదట గుర్తింపు సంగతి. ఎనిమిదో తరగతి లోపు బడిని గుర్తింపు లేకుండా నడిపితే విద్యాహక్కు చట్టం 2009 సెక్షన్ 18 కింద లక్ష రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాతా నడిపితే రోజుకు పదివేల దాకా. జరిమానా బడికే పడుతుంది, నష్టం మాత్రం పిల్లలకు మరో దారిలో వస్తుంది. ఇంజనీరింగ్ లాంటి కోర్సులకు కర్ణాటక పెట్టే ప్రవేశ పరీక్ష కేసీఈటీలో ఎక్కువమంది వాడుకునే అర్హత నిబంధన ఏమిటంటే, ఒకటో తరగతి నుంచి రెండో పీయూ (మన ఇంటర్ రెండో ఏడాది) లోపు కనీసం 7 విద్యా సంవత్సరాలు కర్ణాటకలో గుర్తింపు ఉన్న సంస్థల్లో చదివి, పదో తరగతో రెండో పీయూనో ఇక్కడే పాసవ్వాలి. ఆ స్టడీ సర్టిఫికెట్ మీద బీఈఓ (బ్లాక్ విద్యాధికారి) సంతకం ఉండాలి. గుర్తింపు లేని బడి కాగితం మీద ఆ సంతకం పడదు. పోనీ ఆంధ్రకు వెళ్దామంటే అక్కడ 85 శాతం సీట్లు స్థానికులవి. స్థానికత కావాలంటే అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలన్నది మామూలు లెక్క. చూసుకోకపోతే బెంగళూరు తెలుగు పిల్లల పని రెంటికి చెడ్డ రేవడే. ఈ ఒక్క పేరా ప్రతి తల్లిదండ్రికీ ముందే అందాలి.

తర్వాత పరీక్ష. ఎన్ఐఓఎస్ (కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ బోర్డు) పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి, సర్టిఫికెట్‌కు కనీసం ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి. రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది, ఆ లోపు తొమ్మిది అవకాశాలు ఉంటాయి. భాషగా తెలుగు కూడా తీసుకోవచ్చు. ఇక్కడ చాలామంది దెబ్బతినేది తేదీల దగ్గర. ఏప్రిల్, మే పరీక్షల ఫలితాలు వచ్చేసరికి పీయూ కాలేజీల అడ్మిషన్లు సగం నడిచిపోయి ఉంటాయి. అందుకే రెండు మూడు సబ్జెక్టులు అంతకు ముందరి అక్టోబరు, నవంబరులో రాయించండి, ఏప్రిల్‌కు బరువు తగ్గుతుంది. మీరు చూసుకున్న పీయూ కాలేజీలు ప్రొవిజనల్ సీటు ఇస్తాయో లేదో డిసెంబరులోనే అడిగి రాయించుకోండి. కేంబ్రిడ్జ్ వాళ్ల పదో తరగతి స్థాయి పరీక్ష ఐజీసీఎస్ఈకి ఖర్చు సబ్జెక్టు లెక్కన పడుతుంది, బాగా ఎక్కువ. కాకపోతే మన దేశంలో ఫిబ్రవరి, మార్చి పరీక్షల విడత ఉంది, ఫలితాలు మేలో వస్తాయి కాబట్టి తేదీల గొడవ ఉండదు. రెండు దారులూ పెట్టుకోగల స్తోమత చిన్న బడికి ఉండదు. ఒకటి ఎంచుకుని అదే చెప్పండి.

మూడోది, మూడు గంటలు కదలకుండా కూర్చుని రాయడం. అది వేరే విద్య, విషయం వచ్చినంత మాత్రాన రాదు. తొమ్మిదో తరగతి జనవరి నుంచి పదిహేను రోజులకో పేపరు గడియారం పెట్టి రాయించండి. దీంతో మీ ఆదర్శం మంటగలిసిపోదు. నిజానికి తల్లిదండ్రుల గుండెదడ సగం ఇక్కడే తగ్గుతుంది.

ఎనిమిదో తరగతి నవంబరులో ఒక్కో కుటుంబంతో ముప్పావు గంట విడిగా కూర్చోండి. వెళ్లాలనుకుంటే జనవరిలోపు చెప్పమనండి. జేఈఈ కోచింగ్ కోసం కొందరు వెళ్తారు, వెళ్లనివ్వండి. టీసీ కోసం తిప్పకండి, వెనకాల తీసిపారేయకండి. మంచిగా వెళ్లిన కుటుంబం మరో ఇద్దర్ని పంపుతుంది.

ప్రశ్న: రాత్రి 9.40కి క్లాసు వాట్సాప్ గ్రూపులో 'మావాడి మోచేయి చెక్కుకుపోయింది, స్కూలు వాళ్లు ఏం చూస్తున్నారు?' అని ఒకరు పెట్టారు. పదకొండుకల్లా అరవై జవాబులు. ఏం చేయాలి?
— ఒక టీచరు, మారతహళ్లి

ఆ రాత్రికి ఒకటే మాట: 'చూశాం, రేపు ఎనిమిదిన్నరకు మీతో మాట్లాడతాం.' గ్రూపులో వివరణ ఇవ్వొద్దు. ఇస్తే అరవై నూట ఇరవై అవుతాయి.

మీ సమాచారం అంతా అడ్మిన్లు మాత్రమే రాసే గ్రూపులో వెళ్లాలి. క్లాసు గ్రూపును తల్లిదండ్రులకే వదిలేయండి, అందులో టీచర్లు ఉండకూడదు. పిల్లల పేర్లు, ఫొటోలు, రాత్రి ఎనిమిది తర్వాత ఫిర్యాదులు వద్దని మొదటే రాసుకోండి. కానీ ఫిర్యాదుకు వేరే తలుపు తెరిచి పెడితేనే ఈ నియమం నిలుస్తుంది. మొదట క్లాసు టీచరు, రెండు పనిదినాల్లో కలవాలి. తేలకపోతే కోఆర్డినేటర్. అక్కడా తేలకపోతే ఒక ట్రస్టీ, వేరే తరగతికి చెందిన ఒక తల్లి లేక తండ్రి కలిసి పది పనిదినాల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. టీచరు మానేస్తున్న వార్త మాత్రం పుకారు కన్నా ముందు మీ నుంచే రావాలి, అదే రోజు.

ప్రశ్న: అడ్మిషన్ అప్పుడు 'డిపాజిట్' అని లక్ష అడిగారు. డొనేషన్‌కు పన్ను మినహాయింపు కూడా వస్తుందన్నారు. నమ్మొచ్చా?
— ఒక తండ్రి, హూడి

సీటుకు బదులుగా ఇచ్చేది డొనేషన్ కాదు, క్యాపిటేషన్. విద్యాహక్కు చట్టం సెక్షన్ 13 ప్రకారం వసూలు చేసినదానికి పది రెట్ల దాకా జరిమానా ఉంది. పాత పన్ను విధానంలో ట్యూషన్ ఫీజుకు మినహాయింపు ఉంది, డెవలప్‌మెంట్ ఫీజుకు లేదు. స్వచ్ఛందంగా ఇచ్చే విరాళమైనా నగదుగా రెండువేలు దాటితే మినహాయింపు రాదు. డిపాజిట్ అయితే అది విడిగా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటుందా, భవనం అద్దెకు వాడేస్తారా, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు అన్నవి రాసిమ్మనండి. జీతాలు, అద్దె, మిగులు చూపించే ఒక పేజీ బడ్జెట్ ఇవ్వలేని బడి 'మనమంతా ఒక కుటుంబం' అంటే తొందరపడకండి.

ప్రశ్న: బడి చుట్టుపక్కల వాళ్లు కార్ల గురించి గొడవపడుతున్నారు. మా పిల్లల్లో ఎక్కువమంది తెలుగువాళ్లు కావడంతో మాటలు వేరే దారి పడుతున్నాయి.
— ట్రస్టీ, వర్తూరు

కార్లు మీ తప్పే, ముందు అది సరిచేయండి. ఆరు, ఏడు తరగతులు 8.20కి, మిగతావి 8.40కి రావాలి. కార్లు రెండు వందల మీటర్ల ముందే ఆపి పిల్లల్ని నడిపించాలి, ఆ దారిలో ఇద్దరు పెద్దవాళ్లు నిలబడాలి. ఫోన్ ఎత్తే ఒక మనిషి నంబరు వీధిలో ప్రతి ఇంటికీ ఇవ్వండి.

భాష సంగతికొస్తే, 2015 నాటి కన్నడ భాషా అభ్యసన చట్టం ప్రకారం ఏ బడైనా కన్నడ నేర్పాలి. చట్టం కోసం నేర్పినట్టు కాకుండా మంచి కన్నడ టీచరును పెట్టండి, తల్లిదండ్రుల మీటింగు కూడా కన్నడలో మొదలుపెట్టండి. వర్తూరు, బెళ్ళందూరు వైపు పాత ఊళ్లలో చాలా కుటుంబాలు తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడతాయి, కానీ వాళ్లు ఈ ఊరివాళ్లు. 'మీరూ మావాళ్లే' అని భుజం మీద చెయ్యి వేయకండి, వాళ్లకు నచ్చదు. శనివారాలు లైబ్రరీని వీధి పిల్లలకు తెరవండి. ఉగాది ఇద్దరికీ ఒకే రోజు. వాళ్ల బేవు-బెల్లం, మన పచ్చడి ఒకే బల్ల మీద పెట్టండి.

ప్రశ్న: మనవరాలు కొత్త బడిలో ఏడు చదువుతోంది. నాకు ఇంగ్లిషు రాదు, ముగ్గులు తప్ప ఏ విద్యా లేదు. బడికి నేనేం చేయగలను?
— ఒక అమ్మమ్మ, కేఆర్ పురం

ముగ్గులే పట్టుకెళ్లండమ్మా, లెక్కల టీచరుకు కబురుపెట్టి ఒక గంట అడగండి. 5 చుక్కలు, సందు చుక్క 3 వచ్చేదాకా పెట్టించండి. పిల్లలు లెక్కపెడితే 19 వస్తాయి. తర్వాత 7 చుక్కలు, 4 వచ్చేదాకా: 37. తర్వాత 9, 5 వచ్చేదాకా: 61. మధ్యలో తేడాలు 18, 24. ఇప్పుడు 11 చుక్కలు, 6 వచ్చేదాకా పెడితే ఎన్నో పెట్టకముందే చెప్పమనండి. 91 అని ఎవరో ఒకరు అంటారు. ఎందుకో టీచరు అడుగుతారు, అక్కడి నుంచి ఆల్జీబ్రా ఆయన చూసుకుంటారు. పిండి వద్దు, గాలికి చుక్కలు చెదురుతాయి, సుద్దముక్కలు తీసుకెళ్లండి. నలుగురికో ముక్క చాలు. కింద కూర్చోలేకపోతే కుర్చీ అడగండి, మొహమాటపడొద్దు.